రోబో జాగిలాలు పోలీసు విధుల్లోకి వస్తే ఏ నిర్ణయం ఎవరిదై ఉండాలి

గుంటూరుకు చెందిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. విదేశీ నగరాల్లో పోలీసులు నాలుగు కాళ్ల రోబోలను, మనిషి ఆకారంలో ఉన్న రోబోలను వాడుతున్నారు. అవి ఏటికేడు మనిషి చేతి అవసరం తగ్గించుకుంటూ తమంతట తాము పనిచేయడం నేర్చుకుంటున్నాయి. అటువంటివి రేపు విజయవాడ, గుంటూరు వీధుల్లోకి వస్తే మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా, మన చట్టం వాటిని ఎలా చూస్తుంది? పోలీసు శాఖ సాంకేతిక విభాగంలో చాలాకాలం పనిచేసి, విజయవాడలో పెద్ద బందోబస్తులను లోపలి నుంచి చూసిన అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా సమాధానం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మనిషి అడుగుపెడితే ప్రాణం పోయే అవకాశం ఉన్న చోటికి యంత్రాన్ని పంపడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఒక వ్యక్తిని ఆపడం, అనుమానితుడిగా గుర్తించడం, సోదా చేయడం, అదుపులోకి తీసుకోవడం, గాయపరచడం అనే నిర్ణయాల్లో ఏ ఒక్కటీ యంత్రానికి వదలకూడదని అంతే గట్టిగా నమ్ముతాను. ఈ రెండింటి మధ్య గీత గీయడం సులభమే. ఆ గీత ఎవరూ సంతకం చేయకుండానే, ఎవరూ గమనించకుండానే చెరిగిపోయే తీరు ఒకటి ఉంది, నా ఆందోళనంతా దాని గురించే.

ముందు యంత్రం సంగతి చూద్దాం. పోలీసు రోబో జాగిలం అనగానే ఎక్కువమందికి గుర్తుకొచ్చేది బోస్టన్ డైనమిక్స్ సంస్థ తయారుచేసిన స్పాట్. 2020లో దాన్ని వాణిజ్యపరంగా అమ్మకానికి పెట్టినప్పుడు ధర 74,500 డాలర్లు. బరువు సుమారు 32 కిలోలు, మోయగలిగేది 14 కిలోలు, ఒకసారి చార్జ్ చేస్తే దాదాపు గంటన్నర నడుస్తుంది. చైనాకు చెందిన యూనిట్రీ సంస్థ గో2 అనే చిన్న రోబోను 1,600 డాలర్ల ప్రారంభ ధరకు, జీ1 అనే మనిషి ఆకారపు రోబోను 16,000 డాలర్ల ప్రారంభ ధరకు తీసుకొచ్చిన తరువాత ఈ రంగం స్వరూపమే మారిపోయింది. ధర ఈ స్థాయికి దిగాక ఒక కమిషనరేట్‌కో జిల్లా పోలీసు కార్యాలయానికో వీటిని కొనడం పెద్ద విషయం కాదు. అందుకే ఈ చర్చ యంత్రాలు వచ్చిన తరువాత కాక ముందే జరగాలి.

స్వయంచాలకత ఒక్కసారిగా వచ్చి పడేది కాదు. చేతిలో కంట్రోలర్ పట్టుకుని నడిపే రోబో జాగిలం కూడా తొలిరోజు నుంచే కొంతవరకు స్వతంత్రమైనది. ముందుకు వెళ్లమని చెప్పడమే ఆపరేటర్ పని, ప్రతి కాలు ఎక్కడ మోపాలో, మెట్టు మీద ఒరిగితే ఎలా నిలదొక్కుకోవాలో యంత్రమే చూసుకుంటుంది. తరువాతి దశలో ఒకసారి చూపించిన దారిని అది తనంతట తాను మళ్లీ మళ్లీ నడుస్తుంది, చార్జింగ్ స్థావరానికి తానే తిరిగి వస్తుంది. ఈ రెండూ కేవలం నడకకు సంబంధించినవి, వీటిలో నాకు పెద్ద అభ్యంతరం లేదు. మూడో దశలో కెమెరా చూసిన దానికి యంత్రం అర్థం చెప్పడం మొదలుపెడుతుంది. ఇక్కడ ఒక సంచి వదిలేసి ఉంది, ఈ వ్యక్తి గంటసేపటిగా ఇక్కడే తిరుగుతున్నాడు, ఈ ముఖం పాత నేరస్థుల జాబితాలోని ఫలానా ముఖంతో సరిపోతోంది అని చెబుతుంది. నాలుగో దశలో ఆ అర్థాన్ని బట్టి అది కదులుతుంది, అంటే వెంబడిస్తుంది, దారికి అడ్డం నిలుస్తుంది, చేయి ఉంటే పట్టుకుంటుంది.

పోలీసు పని అనదగినది మూడో దశలోనే మొదలవుతుంది. అక్కడికి చేరడానికి కొత్త యంత్రం కొననక్కరలేదన్న సంగతిని పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. జీపు కొంటే అది కొన్ననాటి జీపుగానే ఉంటుంది. రోబో జాగిలం అలా ఉండదు. టెండరు, సాంకేతిక కమిటీ, అంగీకార పరీక్ష అన్నీ ఒక నిర్ణీత రోజున ఉన్న యంత్రాన్ని చూసి ముగుస్తాయి. ఏడాది తరువాత సాఫ్ట్‌వేర్ నవీకరణ ఒకటి వస్తుంది, అంతకుముందు దారి మాత్రమే చూసిన కెమెరా ఆ ఉదయం నుంచి ముఖాలు చూడటం మొదలుపెడుతుంది. కొత్త కొనుగోలు ఏదీ లేదు కనుక కొత్త అనుమతి గురించి ఎవరూ అడగరు. కనుక అనుమతి యంత్రానికి కాక దాని ఒక్కొక్క సామర్థ్యానికి విడివిడిగా, లిఖితపూర్వకంగా ఉండాలనేది నా మొదటి సూచన. మనుషులకు సంబంధించి కొత్త సామర్థ్యం తెచ్చే ప్రతి నవీకరణనూ కొత్త కొనుగోలుతో సమానంగా చూడాలి, అంతవరకు ఆ సామర్థ్యాన్ని ఆపి ఉంచాలి.

యంత్రం ఇచ్చే హెచ్చరికకు విలువ ఎంత అన్న ప్రశ్నకు మన దగ్గరే ఒక పాత సమాధానం ఉంది. హత్య జరిగిన ఇంటికి పోలీసు జాగిలాన్ని తీసుకురావడం, అది వాసన పట్టి కొంతదూరం వెళ్లి ఒక ఇంటి ముందు ఆగడం మన ప్రాంతంలో అందరూ చూసినదే. జాగిలం ఆగిన ఇంటి యజమాని నేరస్థుడని దాన్నిబట్టే తేల్చవచ్చా? 2001లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు జాగిలాల సాక్ష్యంలోని బలహీనతలను చర్చించింది. కుక్క ప్రవర్తనకు మనిషి తప్పు అర్థం చెప్పే ప్రమాదం ఉందని, దర్యాప్తు సంస్థలు జాగిలాల సాయం తీసుకోవచ్చు గానీ న్యాయస్థానం దాని మీద ఆధారపడనక్కరలేదని ఆ తీర్పు సారాంశం. కుక్కను ప్రశ్నించలేము, అది ఎందుకు ఆగిందో అది చెప్పలేదు, దాన్ని నడిపించిన హ్యాండ్లర్‌ను మాత్రమే బోనెక్కించగలం. ముఖాన్ని పోల్చి చెప్పే సాఫ్ట్‌వేర్‌ది కూడా ఇదే పరిస్థితి. అది ఒక శాతాన్ని తెర మీద చూపిస్తుంది, ఆ శాతం ఎలా వచ్చిందో స్టేషన్‌లో ఎవరూ వివరించలేరు. కాబట్టి రోబో ఇచ్చే హెచ్చరికను జాగిలం చూపిన దిశతో సమానంగా, అంటే దర్యాప్తుకు ఒక ఆధారంగా మాత్రమే స్వీకరించాలి. దాన్నిబట్టి అరెస్టు చేస్తే అరెస్టుకు వేరే కారణాలు కేసు డైరీలో ఉండాలి. రోబో చెప్పింది అనే మాట కారణాల జాబితాలో కనిపించకూడదు.

తెర ముందు మనిషి ఉంటాడు, ఆఖరి నిర్ణయం అతనిదే అని తయారీ సంస్థలు చెబుతుంటాయి. కమాండ్ కంట్రోల్ గదిలో పనిచేసినవారికి ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుసు. రాత్రి విధుల్లో ఒక కానిస్టేబుల్ ముందు పదుల సంఖ్యలో తెరలు ఉంటాయి. హెచ్చరిక వస్తుంది, అవును, కాదు అనే రెండు బొత్తాలు కనిపిస్తాయి. కాదు అని నొక్కి, తరువాత నిజంగానే ఏదైనా జరిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది అతనే. అవును అని నొక్కితే ఎవరూ అడగరు. ఈ పరిస్థితిలో అతను వరుసగా అవును నొక్కుతూ పోవడం మానవ స్వభావం, అతన్ని తప్పుపట్టలేము. ఒక మనిషి ఎన్ని రోబోలను ఏకకాలంలో పర్యవేక్షించవచ్చో నిబంధన లేకపోతే, కాదు అని నొక్కిన సందర్భాలను కూడా నమోదు చేసి పై అధికారి నెలనెలా చూడకపోతే, మనిషి ఉన్నాడన్నది కాగితం మీది మాటగానే మిగిలిపోతుంది.

ఇక ప్రాణాంతక బలప్రయోగం. 2016 జులైలో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఐదుగురు పోలీసు అధికారులను కాల్చి చంపి ఒక భవనంలో దాక్కున్న వ్యక్తిని, పోలీసులు బాంబు నిర్వీర్యానికి వాడే రోబోకు పేలుడు పదార్థం అమర్చి పంపి చంపారు. ఆ దేశంలో పోలీసులు రోబో ద్వారా ఒక మనిషిని చంపడం అదే మొదటిసారి. ఆ రోబోను దూరం నుంచి మనిషే నడిపాడు, అందులో స్వయంచాలకత ఏమీ లేదు. అయినా ప్రాణరక్షణకు కొన్న యంత్రం ఒక్క రాత్రిలో ఆయుధంగా మారగలదని లోకమంతటికీ తెలిసింది. 2022 నవంబరు 29న శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి అత్యవసర పరిస్థితుల్లో పోలీసులు రోబోల ద్వారా ప్రాణాంతక బలం వాడేందుకు 8-3 ఓట్లతో అనుమతి ఇచ్చింది. ప్రజలు తీవ్రంగా వ్యతిరేకించడంతో వారం తిరిగేసరికి వెనక్కి తగ్గింది. అదే ఏడాది అక్టోబరులో బోస్టన్ డైనమిక్స్, యూనిట్రీ సహా ఆరు సంస్థలు తమ సాధారణ అవసరాల రోబోలకు ఆయుధాలు అమర్చబోమని బహిరంగ లేఖ రాశాయి. ఆ లేఖ మంచిదే, కానీ తయారీదారు మాట కొనుగోలుదారును కట్టడి చేయదు, చట్టమే చేయాలి.

మన చట్టం ఈ విషయంలో ఏం చెబుతుందో ఆలోచిస్తే నాకు ఒక ముఖ్యమైన సంగతి కనిపిస్తుంది. పోలీసు కాల్పులు జరిగిన ప్రతిసారీ సాధారణంగా వినిపించే సమర్థన ఆత్మరక్షణ. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆ హక్కును తన శరీరానికి, ఇతరుల శరీరానికి, ఆస్తికి వచ్చే ముప్పుతో ముడిపెట్టాయి. రోబోకు శరీరం లేదు, ప్రాణభయం లేదు. దాన్ని నడిపే అధికారి వంద గజాల దూరంలో గోడ చాటున ఉన్నప్పుడు అతని ప్రాణానికి తక్షణ ముప్పు లేదు. మరొక అమాయకుడి ప్రాణానికో శరీరానికో తీవ్రమైన ముప్పు ఉంటే తప్ప ఆత్మరక్షణ హక్కు కింద అక్కడ ప్రాణాంతక బలానికి ఆధారం మిగలదు. రోబోను ధ్వంసం చేయబోయిన వ్యక్తిని కాల్చడం కూడా సమర్థనీయం కాదు, ఎందుకంటే ఆస్తిరక్షణలో ప్రాణం తీసే హక్కును చట్టం దోపిడీ, రాత్రివేళ ఇంటి తలుపు పగలగొట్టడం, నివాసానికి నిప్పుపెట్టడం వంటి కొన్ని సందర్భాలకే పరిమితం చేసింది. అంటే రోబో అందుబాటులో ఉన్నచోట పోలీసుల కాల్పులకు కారణాలు తగ్గాలి. ఈ యంత్రాల వల్ల కలిగే అసలైన మేలు ఇదేనని నా నమ్మకం, శిక్షణలో దీన్ని మొదటి పాఠంగా చెప్పాలి.

2024 మార్చిలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బార్న్‌స్టేబుల్ అనే ఊళ్లో జరిగిన సంఘటన దీనికి మంచి ఉదాహరణ. తుపాకీతో ఇంట్లో చేరిన వ్యక్తి కోసం పోలీసులు రోస్కో అని పిలిచే రోబో జాగిలాన్ని లోపలికి పంపారు. అతను దాన్ని కిందపడేసి మూడుసార్లు కాల్చాడు. ఆ గుళ్లు ఒక అధికారికి గానీ నిజమైన జాగిలానికి గానీ తగలవలసినవి. రోబో దెబ్బతింది, అతను ఎక్కడున్నాడో బయటివారికి తెలిసింది, తరువాత బాష్పవాయువు వాడి అతన్ని అదుపులోకి తీసుకున్నారు. ఒక ఎస్సై తలుపు తన్నుకుని లోపలికి వెళ్లవలసిన పరిస్థితుల గురించి తెలిసినవారెవరూ ఆ యంత్రాన్ని వద్దనరు.

అరెస్టు, సోదాల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసు అధికారికి ఇచ్చింది. 43వ సెక్షన్ ప్రకారం మాట ద్వారా గానీ చేష్ట ద్వారా గానీ లొంగిపోకపోతే అరెస్టు చేసే వ్యక్తి ఆ మనిషి శరీరాన్ని తాకాలి లేదా నిర్బంధించాలి. రోబో చేయి ఒక యువకుడి భుజం పట్టుకుంటే అరెస్టు జరిగినట్టా? జరిగితే మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచడానికి ఉన్న 24 గంటల గడువు ఏ క్షణం నుంచి లెక్కించాలి, అరెస్టు చేసిన అధికారిగా ఎవరి పేరు రాయాలి? ఈ ప్రశ్నలకు ఎస్సై దగ్గర సమాధానం లేకపోతే మేజిస్ట్రేట్ ముందు కేసు నిలవదు. అలాగే రోబో మీద రాయి విసిరిన కుర్రవాడి మీద ప్రభుత్వ ఉద్యోగి విధులను అడ్డుకునేందుకు దాడి చేశాడంటూ న్యాయ సంహిత 132వ సెక్షన్ పెట్టే ప్రమాదం ఉంది. యంత్రం ప్రభుత్వ ఉద్యోగి కాదు. అది ప్రభుత్వ ఆస్తి, ఆస్తి నష్టానికి వేరే చట్టం ఉంది.

సోదా సంగతి మన ఊళ్లకు మరింత దగ్గరిది. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం, చిట్టినగర్ వైపు కొండల మీద మెట్లు మెట్లుగా ఇళ్లున్నాయి. కార్డన్ సెర్చ్ అంటే తెల్లవారుజామున సిబ్బంది ఆ మెట్లెక్కి ఇంటింటికీ వెళ్లడం. నాలుగు కాళ్ల యంత్రానికి ఆ మెట్లు కష్టం కాదు, అందుకే మొదటి ఆలోచన దాన్ని అక్కడికి పంపడమే కావచ్చు. కానీ తలుపు తెరిచి ఉన్న ఒక గది ఇంట్లోకి కెమెరాలున్న యంత్రం తొంగిచూస్తే అది సోదాయే. వారంటు లేని సోదాకు సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం అధికారి ముందుగా కారణాలు రాసిపెట్టాలి, 103వ సెక్షన్ ప్రకారం సాక్షులుగా ఇద్దరు స్థానిక మధ్యవర్తులు ఉండాలి, 105వ సెక్షన్ ప్రకారం దృశ్య, శ్రవణ రికార్డింగు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. యంత్రం వెళ్లింది, మేము వెళ్లలేదు అనే వాదన ఈ నియమాల్లో దేన్నీ తప్పించదు. రోబో రికార్డు చేసిన వీడియోను సాక్ష్యంగా వాడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో, అంటే ఫైలు మారితే పట్టించే డిజిటల్ గుర్తుతో కూడిన ధ్రువపత్రం కావాలి. యంత్రం ఒక పరాయి దేశపు సర్వర్‌లో ఆ వీడియోను దాస్తుంటే ఆ ధ్రువపత్రం మీద సంతకం చేసే అధికారి దేనికి హామీ ఇస్తున్నట్టు?

గోప్యతను 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఆధారంగా ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, జోక్యం ఆ ప్రయోజనానికి తగినంతకే పరిమితం కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం నేరాల నివారణకు, దర్యాప్తుకు విస్తృతమైన మినహాయింపులు ఇచ్చింది కనుక ఆ చట్టం ఒక్కటే మనకు రక్షణ అనుకోవడం పొరపాటు. ఐరోపా కూటమి తన కృత్రిమ మేధ చట్టంలో బహిరంగ ప్రదేశాల్లో పోలీసులు అప్పటికప్పుడు ముఖాలను గుర్తించడాన్ని కొన్ని మినహాయింపులు తప్ప 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది. మన రాజ్యాంగంలో పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. రోబోలకు సంబంధించిన నియమావళి రాయడానికి రాష్ట్రం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు.

మనిషి ఆకారపు రోబోల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే పోలీసు పనిలో వాటి అవసరం నాకు ఇంతవరకు కనిపించలేదు. 2017 డిసెంబరులో హైదరాబాద్‌లో ఒక అంకుర సంస్థ రోబో పోలీసును ప్రదర్శించింది. 2019 ఫిబ్రవరిలో కేరళ పోలీసులు తిరువనంతపురంలోని తమ ప్రధాన కార్యాలయంలో సందర్శకులను పలకరించడానికి కేపీ-బాట్‌ను పెట్టి ఎస్సై హోదా ఇచ్చారు. 2025లో చైనాలోని షెన్‌జెన్‌లో గస్తీ పోలీసుల వెంట పీఎం01 అనే రోబో నడిచింది. ఇవన్నీ ఎక్కువగా ప్రదర్శన కోసం ఉద్దేశించినవే. న్యూయార్క్ పోలీసులు టైమ్స్ స్క్వేర్ భూగర్భ రైల్వేస్టేషన్‌లో చక్రాల మీద తిరిగే కే5 రోబోను 2023 సెప్టెంబరులో పెట్టి 2024 ఫిబ్రవరికల్లా పక్కన పెట్టారు. అది మెట్లెక్కలేదు, దానికి తోడుగా ఒక పోలీసు నిలబడవలసి వచ్చింది.

మన దగ్గర రద్దీ స్వభావం వేరు. దసరాలో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలైన్లలో నిలిచే జనాన్ని చూసినవారు రెండు కాళ్ల మీద నిలబడే 35 కిలోల లోహపు యంత్రం ఆ వరుసలో పడిపోతే ఏమవుతుందో ఊహించగలరు. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. రద్దీలో ఒక్క మనిషి పడిపోయినా ఎంత దారుణం జరుగుతుందో ఆ రోజున తెలిసింది. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. కొత్త సాంకేతికతను చూపించాలన్న ఉత్సాహం అప్పుడు సహజంగానే ఉంటుంది. ఘాట్ల మీద డ్రోన్లు పైనుంచి జనసాంద్రతను చూసి చెప్పడం ఉపయోగకరం, జనం మధ్యలో నడిచే యంత్రం మాత్రం ఆ రోజుల్లో వద్దే వద్దు. పైగా తప్పిపోయిన బిడ్డ కోసం ఏడుస్తున్న తల్లికి ఘాట్‌లో కావలసింది మనిషి. ఆమె భుజం మీద చేయివేసి, అమ్మా, ఇటు కూర్చోండి అని చెప్పే మహిళా కానిస్టేబుల్ చేసే పనికి ప్రత్యామ్నాయం లేదు.

రోబో జాగిలం నిజంగా ఉపయోగపడే చోట్లు మన జిల్లాల్లో చాలానే ఉన్నాయి. వాటిని ఎవరూ ఎక్కువగా ప్రస్తావించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. విజయవాడ రైల్వేస్టేషన్‌లోనో పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లోనో అనుమానాస్పదమైన సంచి కనిపిస్తే ఇప్పటికీ బాంబ్ స్క్వాడ్ సిబ్బంది బరువైన రక్షణ సూటు వేసుకుని ఎండలో దాని దగ్గరికి నడవవలసి రావచ్చు. మన రక్షణ పరిశోధన సంస్థ తయారుచేసిన దక్ష్ వంటి దూరనియంత్రిత వాహనాలు ఆ పని కోసమే పుట్టాయి, నాలుగు కాళ్ల యంత్రం ఇరుకైన మెట్లున్న చోట వాటికి తోడవుతుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగుల్లో అమ్మోనియా వాడతారు. అగ్నిప్రమాదం జరిగినప్పుడు పొగ ఒకవైపు, గ్యాస్ లీకయ్యే భయం మరోవైపు ఉంటే లోపల కూలీలు ఎవరైనా చిక్కుకున్నారేమో చూడటానికి గ్యాస్ సెన్సర్ ఉన్న రోబోను పంపడం కంటే మంచి మార్గం లేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ అనే విషవాయువు లీకైన ఉదయం సాయానికి ఊళ్లోకి పరుగెత్తినవారికి ఎదురుగా ఉన్న గాలిలో ఏముందో తెలియదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద విరిగిపడి ప్రాణాలు పోయినప్పుడు, ఇంకొంత మట్టి ఎప్పుడు జారుతుందో తెలియని చోట మనుషులే వెతకవలసి వచ్చింది. న్యూయార్క్‌లో 2023 ఏప్రిల్‌లో ఒక పార్కింగ్ భవనం కూలినప్పుడు అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లడం ప్రమాదమని ముందు రోబో జాగిలాన్ని పంపారు. మన దగ్గర కూడా ఈ యంత్రం మొదట చేరవలసింది అగ్నిమాపక, విపత్తు స్పందన దళాలకని నా అభిప్రాయం.

అయినా దాని పరిమితులు మరువరాదు. స్పాట్ తొలి నిర్దేశాల ప్రకారం 45 డిగ్రీల ఉష్ణోగ్రత వరకే పనిచేస్తుంది. మే నెలలో విజయవాడ తారు రోడ్డు మీద వేడి ఆ గీతను సులభంగా దాటుతుంది. నీటి చినుకులను అది తట్టుకోగలదు గానీ నీళ్లలో నడవలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆహారం అందించడానికి పడవలు, డ్రోన్లు ఉపయోగపడ్డాయి, నాలుగు కాళ్ల యంత్రం అక్కడ ఒక్క అడుగు కూడా వేయలేకపోయేది. 2025లో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలినప్పుడు రోబోలను దించారు, కేరళ నుంచి శవాలను పసిగట్టే నిజమైన జాగిలాలను కూడా తీసుకొచ్చారు. రోబో వచ్చిందని జాగిలాల శిక్షణ కేంద్రానికి నిధులు తగ్గించడం అవివేకం.

కొనుగోలులో మరొక ప్రమాదం దాగి ఉంది. 2025 సెప్టెంబరులో భద్రతా పరిశోధకులు యూనిట్రీ గో2, బీ2, జీ1, హెచ్1 రోబోల్లో ఒక లోపాన్ని బయటపెట్టారు. దగ్గరలో ఉన్న వ్యక్తి బ్లూటూత్ ద్వారా రోబోను పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చు, అలా లొంగిన రోబో పక్కనున్న మరో రోబోను కూడా లొంగదీయవచ్చు. పోలీసుల చేతిలోని యంత్రం నేరస్థుడి చేతిలోకి పోయే దారి ఇది. మనతో భూసరిహద్దు ఉన్న చైనా వంటి దేశాల బిడ్డర్లు ప్రభుత్వ టెండర్లకు ముందుగా నమోదు చేసుకోవాలని 2020 జులైలో కేంద్రం నిబంధన పెట్టింది గానీ, స్థానిక సంస్థ పేరు అతికించి లోపల అదే యంత్రం, అదే సాఫ్ట్‌వేర్ ఇస్తే కాగితాల పరిశీలన దాన్ని పట్టుకోలేదు. మూల సాఫ్ట్‌వేర్‌ను స్వతంత్ర నిపుణులతో పరీక్షింపజేయడం, సమాచారమంతా రాష్ట్రంలోని సర్వర్లలోనే ఉండటం, తయారీదారు దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించే మార్గాన్ని మూసివేయడం టెండరు షరతులుగా ఉండాలి.

ఇప్పుడు మీరు చేయగలిగిన దాని గురించి. న్యాయశాస్త్రం చదువుతున్నారు కనుక సమాచార హక్కు చట్టం మీకు కొత్త కాదు. విజయవాడ కమిషనరేట్‌కు గానీ గుంటూరు జిల్లా పోలీసు కార్యాలయానికి గానీ దరఖాస్తు పెట్టేటప్పుడు రోబోలు కొంటున్నారా అని మాత్రమే అడిగితే, లేదు అనే ఒక్క మాటతో జవాబు వస్తుంది. డ్రోన్లు, కెమెరాల విశ్లేషణ సాఫ్ట్‌వేర్ సహా ఇప్పటికే వాడుతున్న వ్యవస్థల్లో ముఖాలను పోల్చే సామర్థ్యం ఉందా, దాన్ని వాడేందుకు ఇచ్చిన లిఖితపూర్వక ఉత్తర్వు నకలు ఏది, రికార్డింగులను ఎన్నాళ్లు ఉంచుతారు, తప్పుగా గుర్తించిన సందర్భాలను నమోదు చేసే రిజిస్టర్ ఉందా, ఒక ఆపరేటర్ ఎన్ని కెమెరాలను చూస్తున్నాడు అని అడగండి. రోబో జాగిలం మెదడులోకి రాబోయే సాఫ్ట్‌వేర్ ఈ వ్యవస్థల్లోనే పెరుగుతోంది. జవాబు నిరాకరిస్తే 8వ సెక్షన్‌లోని ఏ ఉపనిబంధన కింద నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా కోరండి. ముప్పై రోజుల గడువు దాటితే మొదటి అప్పీలు అదే కార్యాలయంలోని పై అధికారికి, రెండో అప్పీలు మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళుతుంది. వచ్చిన ఉత్తర్వు నకళ్లలో సామర్థ్యం పేరు, అనుమతించిన అధికారి హోదా, గడువు తేదీ అనే మూడు వివరాలు ఉన్నాయో లేదో ముందుగా చూడండి, ఏ ఒక్కటి లేకపోయినా తదుపరి దరఖాస్తు దాని మీదే పెట్టండి.